నేనే! నేనే!

మా ఇంట్లో రోజు మొత్తం మీద ఎక్కువసార్లు వినబడే మాట ఏమిటని ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెప్పగలను. "నేనే!" పళ్ళు తోముకోవడం నేనే, నీళ్ళు పోసుకోవడం నేనే, చొక్కా బొత్తాలు పెట్టుకోవడం నేనే, చివరికి పెనం మీద దోసె తిరగెయ్యడం కూడా నేనే. ఈ నేనేలకి నాయకుడు మా చిన్నాడు. వాడికి ఆరేళ్ళు నిండి నెల్లాళ్ళయింది. వాళ్ళక్కకి పదకొండు. దాని నేనేలకి గొంతు తక్కువ, పట్టు ఎక్కువ.

పిల్లలు తమ పనులు తాము చేసుకుంటే తల్లికి పని తగ్గుతుందని పెళ్ళికాని వాళ్ళనుకుంటారు. అయినవాళ్ళకి అసలు సంగతి తెలుసు. నేను నీళ్ళు పోస్తే వాడి స్నానం అయిదు నిమిషాలు. వాడే పోసుకుంటే అరగంట. అందులో వీపు తడవదు, గోడ మాత్రం చూరు దాకా తడుస్తుంది. బొత్తాలు కింద నుంచి మొదలెడతాడు. పైకొచ్చేసరికి ఒక కాజా మిగిలిపోతుంది. "అమ్మా, ఈ చొక్కాకి బొత్తాలు తక్కువేశాడు దర్జీ" అంటాడు. ఇంతలో వీధిలో స్కూలు ఆటో హారను మోగుతుంది. అప్పుడు చూడాలండీ నా అవస్థ! చెయ్యి దురద పెడుతుంది, ఆ బొత్తాలన్నీ ఊడదీసి టకటకా పెట్టేద్దామని. ఆ దురద ఆపుకోవడం కంటే నవల రాయడం సులువు.

నవలంటే గుర్తొచ్చింది. నా నవలల్లో పిల్లలు చాలా బుద్ధిమంతులు. "కాలచక్రం గిర్రున తిరిగింది" అని ఒక్క వాక్యం రాస్తే చాలు, ఉయ్యాల్లో పిల్ల బీఏ పాసై పెళ్ళిచూపులకి సిద్ధంగా ఉంటుంది. మధ్యలో జడ వేసుకోవడం ఎప్పుడు నేర్చుకుందో, మొదటిసారి వీధి ఎప్పుడు దాటిందో, ఆరోజు తల్లి గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో ఏ పాఠకురాలూ నన్నడగలేదు. ఇంట్లో మాత్రం ఆ చక్రం గిర్రున తిరగదు. నా చేత తోయించుకుని మరీ తిరుగుతుంది.

పిల్లల స్వతంత్రం గురించి మనం ఎంత మాట్లాడినా, మన ఇళ్ళల్లో ఆ మాట మొదటినుంచీ తిట్టేనండీ. మీరు గమనించారో లేదో. "చూశావా దీని స్వతంత్రం! అడక్కుండా డబ్బా మూత తీసేసింది." "ఎవరడిగారని స్వతంత్రించి మాట్లాడావు?" "గారం చేస్తే స్వతంత్రం ఎక్కువైంది." దేశానికి వస్తే జెండా ఎగరేసి మిఠాయి పంచుకున్న మాట, పిల్లలకొస్తే మొట్టికాయ పడే మాటైపోయింది. పెద్దాళ్ళలో మగవాడు స్వతంత్రంగా ఉంటే గొప్ప. కోడలు ఉంటే గొడవ. పిల్లలుంటే పొగరు. ఒక్క మాటకి ఇన్ని అర్థాలు నిఘంటువులో ఉన్నాయో లేదో గానీ వంటింట్లో ఉన్నాయి.

మా అత్తగారికి డెబ్బై ఆరు. పిల్లలిద్దరికీ ఆవిడ చేతి ముద్దే. పప్పన్నంలో నెయ్యేసి కలిపి, కాకి ముద్ద, పిచ్చిక ముద్ద, పైడితల్లమ్మ ముద్ద అని పేర్లు పెట్టి, నోట్లో పెడితే తిన్నట్టు తెలియకుండా కంచం ఖాళీ అయ్యేది. సిరిమాను ఊరేగింపు కథ చెప్తూ ముద్ద పెట్టేవారు. సిరిమాను కోట దగ్గరకొచ్చేసరికి పెరుగన్నంలోకి రావాలి, అదీ లెక్క. కిందటి వేసవిలో ఒకనాడు చిన్నాడు చెయ్యి అడ్డం పెట్టి "మామ్మా, నేనే తింటా. కథ మాత్రం చెప్పు" అన్నాడు. ఆవిడ కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "సరే నాన్నా" అన్నారు. కథ కూడా చెప్పారు. కానీ ఆరోజు సిరిమాను ఎందుకో తొందరగా కోట చేరిపోయింది.

రాత్రి నాతో అన్నారు: "వాడు పెద్దవాడవుతున్నాడు, మంచిదే. నా చేతికే ఇక పనిలేదు." నాకేం చెప్పాలో తోచలేదు. పిల్లవాడి చేతికి కొత్త పని దొరికిన రోజున ఇంట్లో ఇంకో చేతికి పాత పని పోతుందని పుస్తకాల్లో రాయరు.

పుస్తకాల మాట వచ్చింది కనక చెప్తాను. ఇటలీ దేశపు డాక్టరమ్మ మరియా మాంటిసోరి 1907లో రోము నగరంలో పేదవాళ్ళ పిల్లలకోసం ఒక ఇల్లు పెట్టింది. అందులో కుర్చీలు పిల్లల ఎత్తు, బల్లలు పిల్లల ఎత్తు, కూజాలు పిల్లల చేతికి సరిపోయేవి. ఒంపుకుంటే ఒలకనియ్యి, తుడుచుకోవడం కూడా వాళ్ళకే నేర్పు అన్నది ఆవిడ పద్ధతి. ఆవిడ 1939లో మద్రాసు అడయారుకి వచ్చింది. ఇంతలో యుద్ధం రావడంతో 1946 దాకా మన దేశంలోనే ఉండి ఎందరో పంతుళ్ళకి, పంతులమ్మలకి తరిఫీదు ఇచ్చింది. మన చలంగారు కూడా స్కూళ్ళ ఇనస్పెక్టరుగా తిరిగిన మనిషి. "బిడ్డల శిక్షణ" అని పుస్తకమే రాశారు.

ఇవన్నీ చదివి నేనూ ఉత్సాహపడి, చొక్కాల కొక్కేలు కిందకి దింపించాను. మంచినీళ్ళ బిందె పక్కన చిన్న రాగి చెంబు పెట్టాను. మా అత్తగారు చూసి నవ్వారు. "ఇందుకు ఇటలీ దాకా వెళ్ళాలిటే? మా చిన్నప్పుడు ప్రతి ఇంట్లో పిల్లలకి చిన్న చెంబు, చిన్న చేట, చిన్న పీట ఉండేవి. లక్కపిడతలు ఎందుకు కొనేవాళ్ళనుకున్నావు?" అన్నారు.

నిజమే! ఏటికొప్పాక లక్కపిడతలు మనందరం ఆడుకున్నవే. బుల్లి పొయ్యి, బుల్లి తిరగలి, బుల్లి రోలు. వేలెడంత గిన్నెలో అటుకులు వండి ఇంటిల్లిపాదికీ వడ్డించాం. అయితే ఒక తేడా ఉంది. ఆ లక్కపిడతలు ఆడపిల్లలకే కొనేవారు. మగపిల్లాడికి బొంగరం. బొంగరం పట్టుకుని వాడు వీధిలోకి పోయేవాడు, లక్కపిడతలు పట్టుకుని మనం వంటింట్లోకి పోయేవాళ్ళం. ఆ వంటింటి దారి ఒక్కొక్కసారి ఎంత దగ్గరంటే, ఆట పూర్తి కాకుండానే అసలు పొయ్యి ఎదురయ్యేది. 1929లో శారదా చట్టం వచ్చి ఆడపిల్ల పెళ్ళి వయసు 14 అనేదాకా, ఎనిమిదేళ్ళకే మెడలో పుస్తె పడ్డ పిల్లలు మన ముత్తవ్వల్లో ఎందరో. పన్నెండేళ్ళకి పాతికమందికి వంట చేసేవారు, వీధి చివరి కోవెలకి మాత్రం ఎవరో ఒకరు తోడు రావాలి. చేతులకి పెద్దరికం ముందే వచ్చేసింది. కాళ్ళకి ఎప్పటికీ రాలేదు.

మరి మగపిల్లల మాటో? మా విజయనగరం చదువుల ఊరని పేరు. పూర్వం చుట్టుపక్కల ఊళ్ళనుంచి ఎనిమిదేళ్ళ, తొమ్మిదేళ్ళ కుర్రాళ్ళు ఒక పంచె, ఒక పలక పట్టుకుని వచ్చేసేవారు. వారాలు చెప్పుకుని చదువుకునేవారు. సోమవారం ఒకరింట, మంగళవారం ఇంకొకరింట భోజనం. గురువారం వారి ఇంట్లో పురుడొచ్చినా మైలొచ్చినా ఆ పూట పస్తు. ఘంటసాల వెంకటేశ్వరరావుగారు కూడా కృష్ణా జిల్లా నుంచి చిన్న వయసులో ఒంటరిగా సంగీతం కోసం ఇక్కడికి వచ్చినవారే. జోలె పట్టి మాధుకరం ఎత్తుకుని చదువుకున్నారు. పట్రాయని సీతారామశాస్త్రిగారు చేరదీసి పాఠం చెప్పారు. అలా ఒంటరిగా వచ్చిన ప్రతి పిల్లవాడికీ శాస్త్రిగారు దొరకరు. గిరీశాలూ దొరుకుతారు. పాపం, మన కన్యాశుల్కంలో వెంకటేశం ఇంగ్లీషు చదువుకని విజయనగరం వచ్చి చుట్ట కాల్చడం ఒక్కటే పరిపూర్తిగా నేర్చుకున్నాడు కదూ!

మా మామగారి తండ్రిగారు వారాల కుర్రాడే. తొమ్మిదో ఏట వచ్చారుట. బట్టలుతుక్కోవడం, చెరువు నీళ్ళు తెచ్చుకోవడం, దీపం బుడ్డి తుడుచుకోవడం, అన్నీ తనంతట తానే. తరవాత పెద్ద ఉద్యోగం చేశారు, ఇల్లు కట్టారు, పదిమందికి అన్నం పెట్టారు. కానీ ఆయన గురించి మా అత్తగారు ఒక మాట చెప్తారు. సొంత ఇంట్లో, సొంత భార్య వడ్డిస్తుంటే కూడా, బతికినంత కాలం ఆయన నోటివెంట "ఇంకొంచెం మజ్జిగ పొయ్యి" అన్న మాట రాలేదుట. విస్తట్లో ఏది పడితే అది తిని, చాలినా చాలకపోయినా లేచిపోయేవారుట. ఏ ఇంట్లో ఎలా మసలుకోవాలో ఏడు ఇళ్ళూ నేర్పాయి. అడగడం ఎలాగో నేర్పడానికి ఆ ఏడింటిలో అమ్మ లేదు.

ఈ మాట నాకు చాలాకాలం ఉత్త కథలాగే ఉండేది. అది కథ కాదని చెప్పిన మనిషి మా ఇంట్లో పనిచేసే ఆమె. శ్రీకాకుళం అవతల పల్లె వాళ్ళది. పెనిమిటి చెన్నైలో మేడలు కట్టే పనికి పోయాడు. సంక్రాంతికీ, ఊళ్ళో అమ్మవారి పండక్కీ వస్తాడు. ఆ జిల్లాల్లో ఇది కొత్త సంగతి కాదు. పిల్లల్ని తాతలకో, మామ్మలకో ఒప్పజెప్పి ఎక్కడెక్కడి ఊళ్ళకో కూలికి పోయే తల్లిదండ్రులు ఎందరో. ఈమె మాత్రం పిల్లల్ని వదల్లేక, వాళ్ళతో మా ఊరొచ్చి నాలుగిళ్ళు కుదుర్చుకుంది. కూతురికి తొమ్మిదేళ్ళు, కొడుకు అంగన్‌వాడీకి వెళ్తాడు.

ఆ పిల్ల తెల్లారకుండా లేస్తుంది. తల్లి మా ఇంటికొచ్చేసరికి అక్కడ పొయ్యి వెలిగిస్తుంది. చోడి అంబలి కాస్తుంది. తమ్ముడికి స్నానం చేయించి, తల దువ్వి, అంగన్‌వాడీలో దిగబెట్టి, తను బడికి పోతుంది. సాయంత్రం మళ్ళీ వాణ్ణి తెచ్చుకుంటుంది. ఒకరోజు ఇదంతా విని నేను మెచ్చుకోలుగా "ఎంత పనిమంతురాలే నీ కూతురు! మావాడికి బొత్తాలు పెట్టుకోవడమే గగనంగా ఉంది" అన్నాను.

ఆమె గిన్నె తోముతూ తల ఎత్తకుండానే అంది: "పనిమంతురాలేటమ్మా, తప్పక సేస్తంది. మీ బాబు 'నేనే' అంటే మీరంతా మురిసిపోతారు. మా గుంట 'నాను సెయ్యలేను' అంటే ఇనేవోలు ఎవులున్నారమ్మా?"

ఆ తరవాత ఆమె గిన్నెలు తోముకుంటూనే ఉంది. నేనే అక్కడనుంచి కదల్లేకపోయాను.

అంగన్‌వాడీలు 1975లో మొదలయ్యాయి. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలందరికీ చదువు హక్కని 2009లో చట్టం చేశారు, మరుసటి ఏడు ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. వాటి పుణ్యమా అని ఆ పిల్లలిద్దరూ పగలు నాలుగు గంటలసేపైనా పిల్లల్లా ఉంటున్నారు. మధ్యాహ్నం భోజనం ఎవరో వండి పెడతారు. అది చిన్న సంగతి కాదండీ, వండేది తను కాకపోతే ఆ అన్నం రుచి ఎలా ఉంటుందో మన ఆడవాళ్ళకి ఒకరు చెప్పాలా! కానీ ఏ చట్టమూ తెల్లవారుఝామున నాలుగున్నరకి వచ్చి ఆ పొయ్యి వెలిగించదు.

అప్పటినుంచి నాకు "స్వతంత్రం" అన్న మాటని తూకం వేసే రాయి మారిపోయింది. పిల్ల ఏమేం చెయ్యగలదన్నది ఒక వంతే. చెయ్యలేనప్పుడు "చేతకాలేదు, నువ్వురా" అనడానికి ఒక మనిషి ఉందా లేదా అన్నది రెండో వంతు. ఆ రెండోది ఉంటేనే మొదటిది ఆటలా ఉంటుంది. అది లేకపోతే తొమ్మిదేళ్ళ పిల్ల కూడా చిన్న ఒంట్లో ఉన్న పెద్ద మనిషే.

మొన్నీమధ్య మావాడు ఒంటరిగా కొట్టుకి వెళ్తానన్నాడు. మా వీధిలోనే, పది గుమ్మాల అవతల. దానికి ముందు ఒక చిక్కు వచ్చింది. ఈ రోజుల్లో మనమంతా కొట్లో ఫోను చూపించి డబ్బు కట్టేవాళ్ళమే కదా. వాడికి చిల్లర లెక్కే తెలీదు. రూపాయి బిళ్ళలు ఇంట్లో ఎక్కడున్నాయా అని వెతికితే దేవుడి గూట్లో కనిపించాయి. దేవుడికి దండం పెట్టి అప్పు తీసుకున్నాను. రెండు రోజులు చాప మీద కొట్టు ఆట. వాళ్ళక్క కొట్టు షావుకారు. మూడో రోజు ఇరవై రూపాయలతో, చేతిసంచీతో వాడు వీధిలో దిగాడు. గుమ్మంలో నిలబడి చూస్తూంటే వెనక్కి తిరిగి "నువ్వు చూడకు!" అని కేకేశాడు. తలుపు చాటుకి వెళ్ళాను. కిటికీ చాటు సంగతి వాడు చెప్పలేదు కదా!

ఆవాల పొట్లంతో వచ్చాడు. అయిదు రూపాయలు తిరిగి తెచ్చాడు. దారిలో ఒక కుక్క అడ్డొచ్చిందిట. "ఏం చేశావురా?" అన్నాను. "కొట్టు మావయ్యని పిలిచా" అన్నాడు. నాకు ఆవాలకంటే, చిల్లరకంటే ఆ జవాబే ఎక్కువ సంతోషమనిపించింది. పిలిచాడు! ముత్తాతకి రాని విద్య మునిమనవడికి వచ్చింది.

పెద్దదానిది వేరే దారి. సంగీతం క్లాసుకి సైకిల్ మీద తనే వెళ్తానంది. మూడులాంతర్ల దగ్గర రద్దీ సంగతి మా ఊరివాళ్ళకి చెప్పక్కర్లేదు. వాళ్ళ నాన్నగారు వద్దన్నారు. మా అత్తగారు, ఆశ్చర్యం, వెళ్ళనీమన్నారు. "నేను ఈ ఊరు కాపరానికొచ్చి యాభై ఎనిమిదేళ్ళయింది. గంటస్తంభం దాకా ఒక్కర్తినీ ఎన్నిసార్లు వెళ్ళానో వేళ్ళమీద లెక్కపెట్టచ్చు. నాకు దారి తెలీకా? వెళ్ళచ్చని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. దాన్ని వెళ్ళనీ" అన్నారు. ఇంక ఆయన మాట్లాడలేదు. రద్దీ లేని వెనకవీధి దారి చూసి, వారంపాటు వెనకే స్కూటర్ మీద వెళ్ళి, ఎనిమిదో రోజు మానేశారు. మానేసిన రోజున ఆయన ఆఫీసులో ఫైలు తలకిందులుగా పట్టుకున్నారని నాకు అనుమానం.

పోయిన దసరా తరవాతి మంగళవారం సిరిమాను చూడ్డానికి వెళ్ళాం. ఎప్పటిలా పిల్లల చేతిమీద ఫోను నంబరు రాశాను. జనంలో నేను దాని చెయ్యి పట్టుకోబోతే అదే నా మణికట్టు పట్టుకుని "అమ్మా, నువ్వు తప్పిపోతావు, నాతోనే ఉండు" అంది. నవ్వొచ్చింది. నవ్వు వెనకాల ఇంకేదో కూడా వచ్చింది గానీ, ఆ గోలలో ఎవరూ చూడలేదు.

మనవాళ్ళ మాటల్లో ఒక చక్కటి మాట ఉంది, "చేతికి అందిరావడం" అని. పిల్లలు పెద్దవాళ్ళవడం అంటే మన చెయ్యి వదిలించుకుని పోవడమని నేను దిగులుపడుతూంటే, మన పూర్వులు అది మన చేతికి రావడమన్నారు. ఆ మధ్య మా అత్తగారికి మోకాలి నొప్పి ఎక్కువై మంచం దిగలేకపోయారు. చిన్నాడు తన రాగి చెంబులో నీళ్ళు ఒలకబోసుకుంటూ తెచ్చి, "మామ్మా, మాత్ర నేనే ఇస్తా, నోరు తెరు. కథ చెప్పనా?" అన్నాడు. ఆవిడ నోరు తెరిచారు. సిరిమాను వాడి కథలో మూడుసార్లు కోట చుట్టూ తిరిగింది. "అందొచ్చాడే వీడు" అన్నారావిడ నాతో, కళ్ళొత్తుకుంటూ.

కానీ ముందుగా అందొచ్చిన పిల్లలో? ఒక ఆదివారం ఆమె తన కూతుర్ని కూడా మా ఇంటికి తీసుకొచ్చింది. మావాడు ఉత్సాహంగా లక్కపిడతలన్నీ వసారాలో పరిచి "రా, వంట ఆట ఆడదాం" అన్నాడు. ఆ పిల్ల ఆ బుల్లి పొయ్యి వంక చూసి తల అడ్డంగా ఊపింది. "వంట ఆట నాకొద్దు" అంది. దాని చూపు గోడకి ఆనించిన సైకిల్ మీద ఉంది.

మా పెద్దది సైకిల్ బయటికి తీసింది. సీటు కిందకి దించి ఆ పిల్లని ఎక్కించి, వెనకాల పట్టుకుని పరిగెత్తడం మొదలెట్టింది. "ఒగ్గీకప్పా! ఒగ్గీకే!" అని ఆ పిల్ల ఒకటే కేకలు. పొయ్యి ముందు ఎప్పుడూ కేకెయ్యని పిల్ల, వీధి వీధంతా వినబడేలా భయపడుతోంది, భయపడుతూ నవ్వుతోంది.

గిన్నెలు వదిలేసి ఆమె సబ్బు చేతులతో గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చింది. "ఓలమ్మో, పడిపోద్దమ్మా! దిగమనండి!" రోజూ నిప్పు దగ్గర వదిలి వెళ్ళే పిల్ల కోసం ఆ తల్లి గుండె ఎంత కొట్టుకుంటోందో ఆ ఒక్క కేకలో తెలిసింది నాకు.

పడిపోనే పోయింది. మోచెయ్యి గీరుకుంది. లేచి, ఎవరు చూస్తున్నారా అని అటూ ఇటూ చూసి, తల్లి కనబడగానే పెదవి విరిచి భోరుమంది. ఆమె గబగబా వెళ్ళి ఎత్తుకుంది. తొమ్మిదేళ్ళ పిల్లని చంకనెత్తుకుని, కొంగుతో మోచెయ్యి తుడుస్తూ, "నానున్నాను కదే" అంటూ మా వసారాలో కూర్చుంది. ఆ గిన్నెలు ఆ పూట నేనే తోముకున్నాను.